ఎకో రిపోర్టులో మైట్రల్ కవాటం సన్నబడిందని రాశారు: పంపింగ్ బాగానే ఉన్నప్పుడు ఆయాసం ఎందుకు వస్తోంది?

ప్రశ్న: టెక్కలి తమ్ముడు

అందరికీ నమస్కారం. మా అక్క గురించి అడగడానికి రాస్తున్నాను. ఆమె వయసు 29 సంవత్సరాలు, ఆరేళ్ల బాబు ఉన్నాడు. కొంతకాలంగా మేడ మెట్లు ఎక్కినా, బిందెతో నీళ్లు తెచ్చినా ఆయాసం వస్తోంది. మొదట రక్తం తక్కువగా ఉందని ఐరన్ మాత్రలు ఇచ్చారు. రక్తం పెరిగింది గానీ ఆయాసం తగ్గలేదు. తర్వాత రాత్రిపూట దగ్గు మొదలైతే ఉబ్బసం కావచ్చని ఇన్‌హేలర్ రాశారు, దానితోనూ గుణం కనిపించలేదు. ఈ మధ్య వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడడం లేదని తల కింద రెండు దిండ్లు పెట్టుకుంటోంది. చివరికి ఒక వైద్యురాలు అక్కను ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, స్టెతస్కోపుతో చాలాసేపు విని, గుండెలో శబ్దం ఉంది, 2డి ఎకో చేయించమని చెప్పారు.

రిపోర్టులో ఇలా ఉంది: రుమాటిక్ గుండె జబ్బు, తీవ్రమైన మైట్రల్ స్టెనోసిస్ (కవాటం సన్నబడడం), కవాట వైశాల్యం 1.1 చదరపు సెంటీమీటర్లు, సగటు గ్రేడియెంట్ 13, స్వల్ప మైట్రల్ లీకు, అతి స్వల్ప అయోర్టిక్ లీకు, స్వల్ప ట్రైకస్పిడ్ లీకు, ఆర్.వి.ఎస్.పి. 52, విల్కిన్స్ స్కోరు 7, ఎడమ కర్ణిక పెద్దదైంది, రక్తపు గడ్డలు కనిపించలేదు, ఈ.ఎఫ్. 62 శాతం.

మా బావగారి ఇంట్లో అందరూ చివరి అంకెనే పట్టుకుని, గుండె పంపింగ్ 62 శాతం ఉందంటే గుండె బాగున్నట్టే కదా, కొన్నాళ్లు మందులతో చూద్దాం అంటున్నారు. వారు రెండో బిడ్డ గురించి కూడా ఆలోచిస్తున్నారు. నాకు అర్థం కానివి ఇవి: పంపింగ్ బాగుంటే ఆయాసం ఎందుకు? నాలుగు కవాటాల్లో మూడింటికి ఏదో ఒకటి రాశారు, మూడూ పాడైనట్టేనా? ఇంతకాలం ఎవరికీ ఎందుకు తెలియలేదు? బెలూన్ వేస్తారా, గుండె ఆపరేషన్ అవసరమా? బిడ్డ కోసం ఆగాలా? దయచేసి తెలిసినవారు వివరంగా చెప్పగలరు.


జవాబు 1: హృద్రోగ వైద్యుడు, విశాఖపట్నం

టెక్కలి తమ్ముడు గారికి, మీరు రిపోర్టును పూర్తిగా రాయడం మంచిదైంది. మీ అక్కగారిని నేను పరీక్షించలేదు కాబట్టి చికిత్సను నిర్ణయించలేను. కానీ ఈ అంకెలను ఎలా చదవాలో, వైద్యుణ్ణి ఏమి అడగాలో చెప్పగలను.

ముందు ఈ.ఎఫ్. సంగతి చూద్దాం, మీ ఇంట్లో వాదమంతా దానిమీదే నడుస్తోంది కాబట్టి. ఈ.ఎఫ్. చెప్పేది ఎడమ జఠరిక ఒక్కసారి ముడుచుకున్నప్పుడు తనలోని రక్తంలో ఎంత శాతాన్ని బయటికి నెడుతోందన్న విషయం మాత్రమే. మైట్రల్ కవాటం ఆ జఠరికకు ముందు, ఊపిరితిత్తుల నుంచి రక్తం వచ్చి చేరే ఎడమ కర్ణికకూ జఠరికకూ మధ్య ఉంటుంది. అది సన్నబడితే భారమంతా వెనుక ఉన్న కర్ణిక మీద, దాని వెనుక ఉన్న ఊపిరితిత్తుల మీద పడుతుంది, జఠరిక మీద పడదు. అందుకే ఈ జబ్బు ఎంత ముదిరినా ఈ.ఎఫ్. చాలామందిలో చక్కగానే ఉంటుంది. 62 శాతం అన్న అంకె మీ అక్కగారి కవాటం గురించి ఏమీ చెప్పడం లేదు. ఆమె పరిస్థితిని చెబుతున్నవి 1.1 అన్న వైశాల్యం, 52 అన్న ఒత్తిడి, ఆమె పెట్టుకుంటున్న రెండు దిండ్లు.

ఆరోగ్యవంతుల్లో మైట్రల్ కవాటం తెరుచుకున్నప్పుడు వైశాల్యం 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. 1.5 కు తగ్గితే తీవ్రం అంటారు, 1 కి లేదా అంతకంటే తగ్గితే అతి తీవ్రం అంటారు. ఈ సన్నని దారిలోంచి రక్తం దిగడానికి గుండె విశ్రాంతి తీసుకునే క్షణాలే సమయం. గుండె వేగం పెరిగితే ముందుగా కరిగిపోయేది ఆ విశ్రాంతి సమయమే. మెట్లెక్కినప్పుడు, జ్వరం వచ్చినప్పుడు, కంగారు పడినప్పుడు, గర్భం దాల్చినప్పుడు గుండె వేగం పెరిగి, కిందికి దిగని రక్తం వెనుకకు ఒత్తి, ఊపిరితిత్తుల్లో నీరు ఊరుతుంది. ఆయాసానికి కారణం ఇది. పడుకున్నప్పుడు కాళ్లలోని రక్తం కూడా పైకి చేరి ఆ ఒత్తిడిని పెంచుతుంది కనుక రాత్రి దగ్గు వస్తుంది. అది ఉబ్బసంలాగే ఉంటుంది, పిల్లికూతలు కూడా వినిపించవచ్చు. గుండె వేగాన్ని తగ్గించే మెటోప్రొలాల్ వంటి మందులూ, నీటిని తీసే మందులూ ఉపశమనం ఇచ్చేది ఈ కారణంగానే. అయితే అవి కవాటాన్ని తెరవలేవు.

ఇంతకాలం ఎందుకు తెలియలేదన్న మీ ప్రశ్నకు రెండు కారణాలు చెప్పాలి. మొదటిది, ఈ జబ్బులో వచ్చే శబ్దం చాలా మంద్రంగా, గుండె విశ్రాంతి దశలో వస్తుంది. రద్దీగా ఉండే ఓ.పి. గదిలో రోగి కూర్చుని ఉండగా వింటే అది చెవికి అందదు. మీ అక్కగారిని చూసిన వైద్యురాలు ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి విన్నారంటే ఏమి వినాలో తెలిసి విన్నారు. రెండో కారణం మరింత ముఖ్యమైనది. కవాటం పదేళ్లో ఇరవయ్యేళ్లో పట్టి మెల్లగా సన్నబడుతుంది, మనిషి దానికి తగ్గట్టు తన జీవితాన్ని తెలియకుండానే కుదించుకుంటాడు. మేడ మీద బట్టలు ఆరేయడం మానేస్తారు, దూరపు బావికి వెళ్లడం మానేస్తారు, పండగ పనుల్లో కూర్చుని చేసే పనే ఎంచుకుంటారు. వైద్యుడు ఆయాసం ఉందా అని అడిగితే లేదంటారు, ఎందుకంటే ఆయాసం వచ్చే పనులన్నీ అప్పటికే వదిలేసి ఉంటారు. మన ఇళ్లలో స్త్రీల విషయంలో ఇది మరీ ఎక్కువ. వారి అలసటను ఇంట్లోవారు లెక్కలోకి తీసుకోరు, వారూ చెప్పుకోరు. అందుకని నేను ఆయాసం ఉందా అని అడగను. రెండేళ్ల కిందట చేసిన ఏ పనిని ఇప్పుడు చేయడం లేదు అని అడుగుతాను, వెంట వచ్చినవారిని కూడా అడుగుతాను. మీరు కూడా అక్కగారిని ఇలా అడిగి, ఆ జవాబులు రాసుకుని వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. లక్షణాలు లేవని చెప్పే రోగిలో ఎకో తీవ్రమైన జబ్బును చూపిస్తే, నడిపించి గానీ వ్యాయామ పరీక్ష చేసి గానీ గుండె ఒత్తిళ్లు ఎలా మారుతున్నాయో చూడవలసి వస్తుంది. మీ అక్కగారికి ఆ అవసరం బహుశా ఉండదు, ఆమె లక్షణాలు స్పష్టంగానే ఉన్నాయి.

మూడు కవాటాలూ పాడైనట్టేనా అన్నారు. కాదు. స్వల్ప, అతి స్వల్ప అని రాసిన లీకులు ఆరోగ్యవంతుల ఎకోల్లో కూడా, ముఖ్యంగా గుండె కుడి వైపు ఉన్న ట్రైకస్పిడ్ కవాటం దగ్గర, చాలా తరచుగా కనిపిస్తాయి. ఇక్కడ అసలు జబ్బు మైట్రల్ సన్నబడడమే. రుమాటిక్ జబ్బు కాబట్టి, ఎడమ జఠరిక నుంచి శరీరానికి రక్తం వెళ్లే దారిలో ఉన్న అయోర్టిక్ కవాటాన్ని ఇకముందు ఎకోల్లో గమనిస్తూ ఉంటారు, అంతే.

దీనికి మూలం చిన్నతనంలో వచ్చిన గొంతునొప్పి. స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా గొంతులో చేరిన రెండు మూడు వారాలకు, దాన్ని ఎదుర్కోవడానికి శరీరం తయారుచేసుకున్న రక్షణ వ్యవస్థ పొరబడి సొంత కీళ్ల మీదా గుండె కవాటాల మీదా దాడి చేస్తుంది. దీన్నే రుమాటిక్ జ్వరం అంటారు. కీళ్ల నొప్పులు కొన్నాళ్లకు పూర్తిగా తగ్గిపోతాయి, అందుకే ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. కవాటానికి పడిన దెబ్బ మాత్రం మిగిలిపోయి, రెక్కల అంచులు అతుక్కుంటూ, మందమవుతూ పోతాయి. సంపన్న దేశాల్లో ఈ జబ్బు దాదాపు కనుమరుగైనా మన దేశంలో ఇంకా ఉంది. 2018లో ప్రపంచ ఆరోగ్య సభ దీనిపై ప్రత్యేకంగా తీర్మానం చేసింది.

ఇక చికిత్స. లక్షణాలు ఉండి, వైశాల్యం 1.5 లోపు ఉండి, కవాటం ఆకృతి అనుకూలంగా ఉంటే మొదట ఆలోచించేది బెలూన్ పద్ధతి. తొడ దగ్గరి సిర గుండా సన్నని గొట్టాన్ని గుండె కుడి భాగంలోకి పంపి, రెండు కర్ణికల మధ్య గోడకు చిన్న రంధ్రం చేసి, మైట్రల్ కవాటం మధ్య బెలూన్‌ను ఉబ్బించి అతుక్కున్న అంచులను విడదీస్తారు. జపాన్ శస్త్రవైద్యుడు కంజి ఇనోయె 1982లో మొదలుపెట్టిన ఈ పద్ధతి మన దేశంలో ఎన్నో ఏళ్లుగా విరివిగా జరుగుతోంది. ఛాతీ కోయనక్కరలేదు. విల్కిన్స్ స్కోరు రెక్కల కదలిక, మందం, సున్నం పట్టడం, రెక్కలను పట్టి ఉంచే కింది తాళ్ల స్థితి అనే నాలుగింటికి 1 నుంచి 4 వరకు వేసే అంకెల మొత్తం. 8 లేదా అంతకంటే తక్కువ ఉంటే బెలూన్ బాగా పనిచేసే అవకాశం ఎక్కువ. మీ అక్కగారిది 7, లీకు స్వల్పమే. ఇవి రెండూ అనుకూలమైన సంగతులు. అయితే మామూలు ఎకోలో గడ్డలు కనిపించలేదన్న మాట సరిపోదు. ఎడమ కర్ణికకు ఉన్న చిన్న సంచిలాంటి భాగం ఛాతీ పైనుంచి చేసే ఎకోకు సరిగా అందదు, అందుకే బెలూన్‌కు ముందు అన్నవాహిక గుండా గొట్టం పంపి చేసే ఎకో చేస్తారు. అందులో గడ్డ కనిపిస్తే ముందు రక్తం పలుచబడే మందు వాడి, గడ్డ కరిగాక మళ్లీ చూసి నిర్ణయిస్తారు. బెలూన్ వల్ల కొద్దిమందిలో రెక్క చిరిగి పెద్ద లీకు ఏర్పడి, వెంటనే ఆపరేషన్ అవసరం కావచ్చు. అందుకని గుండె శస్త్రచికిత్స సదుపాయం ఉన్న చోటే చేయించుకోవడం మేలు.

రెండో బిడ్డ విషయంలో నా మాట స్పష్టంగా చెబుతాను. కవాటం సంగతి తేలేవరకు గర్భం రాకుండా చూసుకోవాలి. గర్భంలో శరీరంలోని రక్త ద్రవం 40 నుంచి 50 శాతం పెరుగుతుంది, గుండె వేగం కూడా పెరుగుతుంది. పైన చెప్పిన సన్నని దారిని తలుచుకుంటే ఆ రెండూ కలిసి ఏమి చేస్తాయో మీకే అర్థమవుతుంది. తీవ్రమైన మైట్రల్ స్టెనోసిస్‌ను గర్భం దాల్చకూడనంత ప్రమాదమున్న జబ్బుల్లో చేర్చారు. మొదటి గర్భంలో ఆమెకు ఎలా ఉండేదో కూడా వైద్యుడికి చెప్పండి. కవాటం తెరుచుకుని ఒత్తిళ్లు దిగాక వైద్యుల పర్యవేక్షణలో బిడ్డను కన్నవారు చాలామంది ఉన్నారు. ఈలోగా ఉన్నట్టుండి ఆయాసం పెరిగినా, నురగతో గానీ రక్తంతో గానీ కళ్లె పడినా, గుండె అడ్డదిడ్డంగా కొట్టుకున్నా, మూతి వంకరపోయినా, ఒక పక్క చెయ్యి కాలు పడిపోయినా అపాయింట్‌మెంటు కోసం చూడకుండా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.


జవాబు 2: ఎకో గది నుంచి

నేను ఎకో పరీక్షలు చేసే సాంకేతిక నిపుణుణ్ణి. డాక్టరు గారు చెప్పినదానికి అంకెల పక్షాన కొంత చేరుస్తాను.

కవాట వైశాల్యాన్ని మేము సాధారణంగా రెండు విధాలుగా లెక్కిస్తాం. రెక్కల అంచుల దగ్గర అడ్డంగా చూస్తే ఈ జబ్బులో కవాటం చేప నోరులా కనిపిస్తుంది. ఆ తెరిచిన నోటి అంచు వెంట గీత గీస్తే వైశాల్యం నేరుగా వస్తుంది. రెండోది రక్తం వేగాన్ని కొలిచే డాప్లర్‌తో: కర్ణికకూ జఠరికకూ మధ్య ఉన్న ఒత్తిడి తేడా సగానికి తగ్గడానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో చూసి, 220ని ఆ సంఖ్యతో భాగిస్తాం. 200 మిల్లీసెకన్లు పడితే వైశాల్యం 1.1 అన్నమాట. రెండు పద్ధతుల్లో అంకెలు దగ్గరగా ఉంటే ధైర్యంగా నమ్మవచ్చు, దూరంగా ఉంటే ఎందుకో తేల్చాలి. మీ రిపోర్టులో ఏ పద్ధతి వాడారో రాయలేదు, అడిగి తెలుసుకోండి.

గ్రేడియెంట్ అంటే కర్ణికకూ జఠరికకూ మధ్య ఉన్న ఆ ఒత్తిడి తేడాయే. గ్రేడియెంట్ 13 అన్నదానికి పక్కన గుండె వేగం కూడా రాసి ఉండాలి. అదే కవాటం దగ్గర నిమిషానికి 65 సార్లు కొట్టుకున్నప్పుడు 7 చూపించి, 110 సార్లు కొట్టుకున్నప్పుడు 15 చూపించవచ్చు. పరీక్ష గదిలోకి పరుగున వచ్చి కంగారుగా పడుకున్నవారికి అంకె పెరుగుతుంది. అందుకని గ్రేడియెంట్‌ను పాత రిపోర్టులతో పోల్చేటప్పుడు వేగాన్ని చూడకుండా జబ్బు పెరిగిందనో తగ్గిందనో అనుకోకూడదు. ఆర్.వి.ఎస్.పి. 52 అంటే గుండె కుడి జఠరికలో, అంటే ఊపిరితిత్తుల వైపు వెళ్లే రక్తంలో ఒత్తిడి అంత ఉందని అంచనా. అది ట్రైకస్పిడ్ లీకు వేగం నుంచి లెక్కిస్తాం. ఆ స్వల్ప లీకు ఉండబట్టే ఆ ఒత్తిడిని కొలవగలిగాం.

ఒక చిన్న విశేషం చెప్పకుండా ఉండలేను. 1953లో స్వీడన్‌లోని లుండ్ నగరంలో ఇంగె ఎడ్లర్, హెల్ముట్ హెర్ట్జ్ అనే ఇద్దరు మొదటిసారి ధ్వని తరంగాలతో గుండె కదలికలను నమోదు చేశారు. ఆ పరికరం మొట్టమొదట వైద్యానికి ఉపయోగపడింది మైట్రల్ కవాటం సన్నబడడాన్ని గుర్తించడానికే. ఇవాళ ఎకో గదిలోకి ఏ జబ్బు వచ్చినా, ఆ గది పుట్టింది మీ అక్కగారికి ఉన్న జబ్బు కోసమే.


జవాబు 3: ఖమ్మం ఉపాధ్యాయురాలు

తమ్ముడూ, నేను ఈ జబ్బుతోనే బతుకుతున్న మనిషిని కాబట్టి రాస్తున్నాను. డాక్టరు గారు అడిగిన ప్రశ్న, ఏ పని మానేశావు అన్నది, నన్ను ఎవరైనా ఇరవై రెండేళ్ల వయసులో అడిగి ఉంటే బాగుండేది. నేను తరగతి గదిలో బల్ల మీద కూర్చుని పాఠం చెప్పడం అలవాటు చేసుకున్నాను, అందరూ అది నా పద్ధతి అనుకున్నారు. బెలూన్ వేసిన మరుసటి రోజు ఆసుపత్రి వరండాలో ఆ కొస నుంచి ఈ కొసకు నడిచి, ఊపిరి ఆగకుండా మాట్లాడగలిగినప్పుడే నేను ఎంత కోల్పోయానో నాకు తెలిసింది.

బెలూన్ తర్వాతే నాకు ఇద్దరు పిల్లలు. రెండు కాన్పుల్లోనూ గుండె వైద్యుడూ, ప్రసూతి వైద్యురాలూ ఒకే ఆసుపత్రిలో ఉండేలా చూసుకున్నాను. మీ అక్కకు కూడా అదే చెబుతాను. చాలా ఏళ్ల తర్వాత కవాటం మళ్లీ సన్నబడింది, ఈసారి రెక్కలకు సున్నం పట్టడంతో బెలూన్ వీలు కాక ఆపరేషన్‌లో లోహ కవాటం పెట్టారు. బెలూన్ శాశ్వతం కాదని ముందే తెలుసుకోండి. అయినా పిల్లలు కావాలనుకునే వయసులో అది ఇచ్చే సంవత్సరాలు చాలా విలువైనవి. లోహ కవాటం పెట్టాక రక్తం పలుచబడే మాత్ర జీవితాంతం వేసుకోవాలి, అది గర్భంలో మొదటి నెలల్లో బిడ్డకు హాని చేయగలదు. కణజాలంతో చేసిన కవాటమైతే ఆ మాత్ర బాధ ఎక్కువకాలం ఉండదు గానీ చిన్న వయసువారిలో అది త్వరగా అరిగిపోతుంది. ఈ చిక్కులన్నీ లేకుండా సొంత కవాటంతోనే పిల్లల్ని కనే అవకాశం మీ అక్కకు ఉందంటే దాన్ని జారవిడుచుకోవద్దు.

నాకు అమర్చినది తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలో రూపొందిన చిత్ర వాల్వు. 1990 డిసెంబరులో తొలిసారి మనిషికి అమర్చిన ఈ కవాటం విదేశీ వాటికంటే బాగా తక్కువ ధరకు దొరకడం వల్ల ఎందరికో అందింది. రక్తం పలుచబడే ఎసిట్రామ్ మాత్ర వేసుకుంటూ, రక్తం ఎంత పలుచబడిందో చూపే ఐ.ఎన్.ఆర్. రక్తపరీక్ష చేయించుకుంటూ ఉంటాను. మైట్రల్ స్థానంలో లోహ కవాటం ఉన్నవారికి అది 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలని నా వైద్యులు చెప్పారు. ఆకుకూరలు మానేయమని చాలామంది సలహా ఇస్తారు, అది సరైనది కాదు. తోటకూర, పాలకూర, మునగాకు వంటి వాటిలో ఆ మాత్ర పనిని తగ్గించే విటమిన్ కె ఉంటుంది కాబట్టి ఒక వారం అసలు తినకుండా, మరో వారం రోజూ తింటే అంకె ఊగిసలాడుతుంది. ప్రతి వారం ఒకే రీతిగా తింటే ఏ ఇబ్బందీ లేదు. పన్ను పీకించుకోవాల్సి వస్తే కవాటం సంగతి దంతవైద్యుడికి ముందే చెప్పి యాంటీబయోటిక్ వేసుకుంటాను, ఎందుకంటే చిగుళ్ల నుంచి రక్తంలోకి చేరే క్రిములు కృత్రిమ కవాటం మీద స్థావరం ఏర్పరచుకుంటే ప్రాణాంతకం.

అందరూ అశ్రద్ధ చేసేది రుమాటిక్ జ్వరం మళ్లీ రాకుండా చేసే పెన్సిలిన్ ఇంజెక్షన్‌ను. మూడు వారాలకు ఒకసారి నడుము కింద చేసే ఆ పెనిడ్యూర్ సూది చాలా నొప్పిగా ఉంటుంది, అందుకే నాతోపాటు మొదలుపెట్టినవారు కొందరు మధ్యలో మానేశారు. దయచేసి అక్కను మాననివ్వకండి. బెలూన్ వేశాక కూడా అది ఎన్నేళ్లు కొనసాగాలో వైద్యుణ్ణి అడిగి రాయించుకోండి.


జవాబు 4: డల్లాస్ తెలుగువాడు

ఇదే చోట మరో ప్రశ్న అడుగుతున్నందుకు మన్నించండి. గుంటూరులో ఉన్న మా నాన్నగారి వయసు 76. ఆయనకు అయోర్టిక్ కవాటం సున్నం పట్టి సన్నబడిందని రాశారు: గరిష్ఠ వేగం సెకనుకు 4.3 మీటర్లు, సగటు గ్రేడియెంట్ 46, వైశాల్యం 0.8. ఆయన తనకే బాధా లేదంటున్నారు. కానీ గత కార్తీకంలో గుడి మెట్లు ఎక్కుతూ కళ్లు తిరిగి కూర్చుండిపోయారని అమ్మ ఫోనులో చెప్పింది. అప్పటి నుంచి గుడికి వెళ్లడం మానేసి ఇంట్లోనే పూజ చేసుకుంటున్నారు. వేసవి సెలవుల్లో నేను వచ్చినప్పుడు చూపిస్తే సరిపోతుందా?


జవాబు 5: హృద్రోగ వైద్యుడు, విశాఖపట్నం

డల్లాస్ సోదరులకు: వేసవి వరకు ఆగకండి. సెకనుకు 4 మీటర్ల వేగం, 40 సగటు గ్రేడియెంట్, 1 చదరపు సెంటీమీటరు వైశాల్యం అనే, తీవ్రమైన జబ్బును సూచించే మూడు గీతలనూ మీ నాన్నగారి కవాటం దాటేసింది. దానికి తోడు ఎక్కుతుండగా కళ్లు తిరగడం ఈ జబ్బులో మూడు ముఖ్య లక్షణాల్లో ఒకటి, మిగతా రెండూ ఛాతీనొప్పి, ఆయాసం. అయోర్టిక్ కవాటం సన్నబడినవారు ఎన్నో ఏళ్లు ఏ బాధా లేకుండా ఉండి, ఈ లక్షణాలు మొదలైన తర్వాత చికిత్స లేకపోతే చాలా త్వరగా దిగజారిపోతారు. ఆయన గుడికి వెళ్లడం మానడాన్ని భక్తి మార్గం మారిందని అనుకోకండి, అది లక్షణమే. ఇటువంటి వారికి ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించడం ప్రమాదం, ఎవరైనా సూచించినా కళ్లు తిరిగిన సంగతి తప్పక చెప్పండి. నీటిని తీసే మందులూ, బి.పి. మందులూ వైద్యుడు చెప్పకుండా పెంచవద్దు.

ఇక్కడ బెలూన్ మంచి పరిష్కారం కాదు. సున్నం పట్టిన అయోర్టిక్ కవాటాన్ని బెలూన్‌తో తెరిస్తే కొద్ది నెలల్లోనే మళ్లీ మూసుకుపోతుంది. కవాటాన్ని మార్చాలి. ఛాతీ తెరిచి చేసే ఆపరేషన్ ఒక మార్గం, తొడ ధమని గుండా కొత్త కవాటాన్ని పంపి పాతదాని లోపలే విప్పే టావి రెండో మార్గం. ఫ్రాన్స్‌లోని రువాఁ నగరంలో అలాన్ క్రిబియె 2002లో తొలిసారి చేసిన ఆ పద్ధతి ఇప్పుడు హైదరాబాదులోనూ జరుగుతోంది. మీ నాన్నగారి వయసులో రెండోదానికే మొగ్గు ఎక్కువ, అయితే సి.టి. స్కాన్‌లో కవాటం కొలతలు, తొడ ధమనుల వెడల్పు చూశాకే నిర్ణయిస్తారు. టావి ఖర్చు ఎక్కువ, ఆ సంగతి కూడా ముందే మాట్లాడుకోండి.

ఈ.ఎఫ్. గురించి మరొక్క మాట, ఈ చర్చను తర్వాత చదివేవారి కోసం. మైట్రల్ సన్నబడితే ఈ.ఎఫ్. నిజం చెప్పదని ముందు రాశాను. మైట్రల్ తీవ్రంగా లీకయ్యేవారిలో అది మరింత తప్పుదారి పట్టిస్తుంది. జఠరిక నెట్టిన రక్తంలో కొంత సులువైన దారిన వెనక్కి పోతుంది కాబట్టి అంకె ఎక్కువగా కనిపిస్తుంది. అందుకే అటువంటివారిలో ఈ.ఎఫ్. 60 కి లేదా అంతకంటే తగ్గగానే జఠరిక దెబ్బతింటోందని భావించి ఆపరేషన్ గురించి మాట్లాడతాం. మామూలు మనిషిలో 58 అన్నది బెంగపడవలసిన అంకె కాదు, తీవ్రమైన లీకు ఉన్న మనిషిలో అదే అంకె హెచ్చరిక.

ఖమ్మం ఉపాధ్యాయురాలు గారు రాసిన ఇంజెక్షన్ సంగతి అక్షరాలా నిజం. కవాటం దెబ్బతిన్నవారికి 12 లక్షల యూనిట్ల బెంజతీన్ పెన్సిలిన్‌ను మూడు నాలుగు వారాలకు ఒకసారి, చివరిసారి రుమాటిక్ జ్వరం వచ్చిన తర్వాత కనీసం పదేళ్లు లేదా 40 ఏళ్ల వయసు వచ్చేవరకు, రెండింటిలో ఏది ఎక్కువైతే అంతవరకు ఇస్తాం. కొందరికి జీవితాంతం అవసరం. మరో జాగ్రత్త: మైట్రల్ స్టెనోసిస్‌తో గుండె లయ తప్పినవారికి కొత్త రకం రక్తం పలుచబడే మాత్రలు సరిపోవు. 2022లో వెలువడిన ఇన్విక్టస్ అధ్యయనంలో రివరాక్సబాన్ అనే కొత్త మాత్ర తీసుకున్నవారికంటే పాత వార్ఫరిన్ తరహా మందులు తీసుకున్నవారిలోనే మరణాలు తక్కువగా కనిపించాయి. ఐ.ఎన్.ఆర్. పరీక్షల ఇబ్బంది తప్పుతుందని మాత్ర మార్చుకోవద్దు.


జవాబు 6: టెక్కలి తమ్ముడు

అందరికీ ధన్యవాదాలు. ఈ జవాబులను బావగారికి, వాళ్ల అమ్మగారికి చదివి వినిపించాను. ఏ పనులు మానేశావని అక్కను అడిగితే కాసేపు ఆలోచించి, బాబును ఎత్తుకోవడం మానేశానని చెప్పింది. వాడు పెద్దవాడయ్యాడు కాబట్టే ఎత్తుకోవడం లేదని ఇంట్లో అందరం అనుకున్నాం. బావగారు రెండో బిడ్డ మాట వాయిదా వేసి, వచ్చే వారం విశాఖపట్నం తీసుకెళ్తానన్నారు. గొట్టంతో చేసే ఎకో, ఇ.సి.జి. అక్కడే చేయిస్తాం. రెండు సందేహాలు మిగిలాయి. ఖర్చు విషయంలో ప్రభుత్వ పథకం వర్తిస్తుందా? అక్కకు ఉన్న జబ్బు బాబుకు కూడా వచ్చే అవకాశం ఉందా?


జవాబు 7: హృద్రోగ వైద్యుడు, విశాఖపట్నం

కవాట చికిత్సలు ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ పథకాల పరిధిలో ఉన్నాయి. మీరు వెళ్లే ఆసుపత్రిలో ఈ చికిత్సకు అనుమతి ఉందో లేదో అక్కడి ఆరోగ్యమిత్రను ముందే అడిగి, కార్డు, ఆధార్, ఎకో రిపోర్టు వెంట తీసుకెళ్లండి. పుట్టపర్తి దగ్గర ప్రశాంతిగ్రామంలోని శ్రీ సత్యసాయి ఆసుపత్రి 1991 నుంచి గుండె చికిత్సలను ఉచితంగా చేస్తోంది, అది కూడా ఒక దారి.

బాబు విషయంలో: కవాటం జబ్బు అక్క నుంచి బాబుకు అంటదు. కొన్ని కుటుంబాల్లో రుమాటిక్ జ్వరానికి లోనయ్యే గుణం కొంత ఎక్కువగా కనిపిస్తుంది. పైగా ఒకే ఇంట్లో ఇరుకు గదుల్లో ఉండేవారి మధ్య ఆ గొంతు క్రిమి సులువుగా పాకుతుంది. 5 నుంచి 15 ఏళ్ల మధ్య పిల్లలే దీనికి ఎక్కువగా గురవుతారు కాబట్టి బాబు ఇప్పుడే ఆ వయసులోకి అడుగుపెట్టాడు. వాడికి జ్వరంతో గొంతునొప్పి వచ్చి, మింగడం కష్టమై, మెడ దగ్గర గ్రంథులు నొప్పిగా ఉబ్బి, దగ్గు జలుబు మాత్రం లేకపోతే పిల్లల వైద్యుడికి చూపించి, ఇంట్లో రుమాటిక్ గుండె జబ్బు ఉందని చెప్పండి. గొంతునొప్పి మొదలైన తొమ్మిది రోజుల లోపు పెన్సిలిన్ పడితే రుమాటిక్ జ్వరాన్ని ఆపవచ్చు. మాత్రల రూపంలో ఇస్తే జ్వరం రెండో రోజే తగ్గినా పది రోజుల కోర్సూ పూర్తి చేయించండి. మాత్రలు సరిగా వేయించలేమనుకుంటే ఒక్కసారి చేసే ఇంజెక్షన్ అడగండి, పెన్సిలిన్ పడని లక్షణం ఉందేమో ముందు చెప్పండి. ఎప్పుడైనా మోకాలు, చీలమండ, మోచెయ్యి ఒకదాని తర్వాత ఒకటి వాచి నొప్పి పెడితే ఎదుగుదల నొప్పులని వదిలేయకుండా వెంటనే ఎకో చేయించండి.